చలనచిత్రమునకు రెండవ పాఠము

2025 అక్టోబరు 31వ తేదీన “బాహుబలి: ది ఎపిక్” అను పేర ఒక చిత్రము వెలువడెను. ఇది క్రొత్త చిత్రము కాదు. 2015 జూలై 10వ తేదీనను, 2017 ఏప్రిల్ 28వ తేదీనను రెండు భాగములుగా విడుదలయైన చిత్రమునే దర్శకుడు ఎస్. ఎస్. రాజమౌళి మరల కత్తిరించి, ఒక్కటిగా కూర్చి మన యెదుట నుంచెను. కాచిగూడలో మా యింటికి చేరువనున్న చిత్రశాలకు నా మనుమరాలు నన్ను వెంటబెట్టుకొని పోయినది. మొదటి భాగము వెలువడిననాడు ఆమె ఏడేండ్ల పిల్ల. ఆట మొదలైన కొంతసేపటికి ఆమె నా చేయి పట్టుకొని, “తాతయ్యా, అవంతిక కథ ఏమైంది?” అని అడిగెను. మా వెనుక వరుసలోని పెద్దమనిషి యొకడు, “ఇప్పుడు బాగుందమ్మా! కథ ఎక్కడా ఆగడం లేదు” అని ఆమెకు బదులు చెప్పెను. ఈ యిరువురిలో ఎవరిమాట సరియైనదో విచారించుటయే నేటి నా ప్రసంగము.

ఒక చిత్రము ప్రజలలోనికి వచ్చిన పిమ్మట దర్శకుడు తన యిష్టానుసారము దానిని మరల కూర్చి వెలువరించినచో, దానిని “డైరెక్టర్స్ కట్” అని పిలుచుట పరిపాటి. మాట క్రొత్తదిగాని విషయము మనవారికి క్రొత్త కాదు. తాళపత్రములు తిరుగవేయు పండితులకు పాఠభేదములతో నిత్యము కాపురమే. పూనాలోని భండార్కరు పరిశోధనాలయమువారు 1919లో మహాభారత సంశోధిత ప్రతిని ఆరంభించి 1966 నాటికి గాని పూర్తిచేయలేకపోయిరి. అన్ని యేండ్ల శ్రమకును కారణము పాఠాంతరములే.

కాని యిచ్చట ఒక వింత కలదు. గ్రంథపరిష్కర్తకు పొడవైన పాఠము కంటబడినచో మొదట అనుమానము పుట్టును: ఏ లేఖకుడో నడుమ ప్రక్షిప్తము చేసియుండును అని. చిత్రప్రియునకు పొట్టి పాఠము కంటబడినచో అనుమానము పుట్టును: ఏ వర్తకుడో నడుమ తెగగోసియుండును అని. రెండనుమానములును తమతమ చోటులలో న్యాయమైనవే. గ్రంథము చేతులు మారినకొలది పెరుగును. చిత్రము చేతులు మారినకొలది తరుగును. ఫిలిము నిమిషమునకు 90 అడుగుల చొప్పున యంత్రములో పరుగెత్తునది. దినమునకు నాలుగాటలు వేయవలసిన చిత్రశాల యజమానునకు మూడున్నర గంటల చిత్రమనగా ఒక ఆట నష్టము. ఆ నష్టమునకు వెఱచి కోసిన కోతలకు కళతో సంబంధము లేదు.

కోత కథనెట్లు చెరచునో, అతుకు దానినెట్లు బ్రదికించునో చూపుటకు రిడ్లీ స్కాట్ అను ఆంగ్లేయ దర్శకుని “కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్” కంటె తగిన సాక్ష్యము నాకు దొరకలేదు. ఇది క్రీ. శ. 1187లో సలాదీను జెరూసలేమును గైకొన్న కథ. 2005 మే నెలలో విడుదలయైన పాఠము 144 నిమిషములు. పిమ్మట దర్శకుడు వెలువరించిన పాఠము 194 నిమిషములు. ఈ 50 నిమిషములలో ముఖ్యమైనది ఒక పసివాని కథ. రాణి సిబిల్లాకు ఒక కుమారుడు కలడు. కుష్ఠరోగియైన మేనమామ మరణించినప్పుడు ఆ బాలుడే రాజగును. వానికిని ఆ రోగమే సోకినదని తెలిసి తల్లి తన చేతులతోనే విషమిచ్చి చంపును. మొదటి పాఠమున ఈ బాలుడే లేడు. అందుచేత చివర రాణి వెఱ్ఱిదానివలె జుట్టు కత్తిరించుకొని కుములుట చూచి, ఈమె కింతటి దుఃఖమేలనో తెలియక ప్రేక్షకుడు తెల్లబోవును. కార్యము తెరమీద మిగిలినది. కారణము కూర్పుగదిలో నేలపాలైనది. రెండవ పాఠమున ఆమె మనిషియైనది. ఇది నిస్సంశయముగా మేలైన చిత్రము.

మేలైన చరిత్ర కూడనా? ఇచ్చట చరిత్ర విద్యార్థి కొంచెము నిలువవలెను. ఐదవ బాల్డ్విను అను బాలరాజు నిజముగా ఉండెను. 1185లో మేనమామ మరణింపగా రాజ్యమునకు వచ్చి, 1186లో బాల్యముననే మృతినొందెను. కనుక మొదటి పాఠము ఒక రాజునే చరిత్రనుండి తుడిచివేసినదన్నమాట; రెండవది వానిని తిరిగి సింహాసన మెక్కించినది. అంతవరకు బాగు. కాని వానికి కుష్ఠురోగమును, తల్లిచేతి విషమును కథకులు కల్పించినవి. నిడివి పెరిగినకొలది నిజమును పెరిగినది, అబద్ధమును పెరిగినది. ఇక కథానాయకుడు బాలియను ఫ్రాన్సుదేశపు కమ్మరివాడనుట రెండు పాఠములందును ఉన్నది. చరిత్రలోని బాలియనో, ఆ తూర్పుగడ్డమీదనే పుట్టి పెరిగిన ప్రభువు. ఏ కత్తెరయు దీనిని సవరింపజాలదు, చిత్రించునాడే పడిన తప్పు గనుక. దర్శకుడు తన చిత్రమును చక్కదిద్దుకొనగలడు గాని చరిత్రను చక్కదిద్దుట వేఱుపని. ఈ రెంటిని కలగలిపి, “పూర్తి పాఠము వచ్చినది గనుక ఇదే అసలు చరిత్ర” అని మురియువారిని నేనెఱుగుదును.

ఇక మన కథకు వత్తము. కాచిగూడలో తారకరామ చిత్రశాల కలదు. ఎన్. టి. రామారావు కుటుంబమువారిదగు ఆ శాల 2022 డిసెంబరులో సరిక్రొత్తగా మరల తెరవబడెను. ఆ దారిన పోవునప్పుడెల్ల నాకు “దానవీరశూరకర్ణ” జ్ఞప్తికి వచ్చును. 1977 జనవరి 14వ తేదీన, సంక్రాంతినాడు, ఆ చిత్రము విడుదలయ్యెను. నాడే కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున “కురుక్షేత్రము” కూడ వెలువడినది. కర్ణుడును, దుర్యోధనుడును, శ్రీకృష్ణుడును రామారావే. దర్శకుడును నిర్మాతయు కూడ ఆయనయే. నిడివి దాదాపు మూడుగంటల ముప్పావు. ఫిలిము కొలతలో చెప్పినచో ఇరువదివేల అడుగులు. ఇంత నిడివి కూడదని చెప్పుటకు పైన వేఱొక నిర్మాత యెవ్వడు? కొండవీటి వేంకటకవి వ్రాసిన దీర్ఘసంభాషణములను ప్రజలు ఓపికతో వినుటయే కాదు, కంఠస్థము చేసిరి. దర్శకుని పాఠము మొదటినాడే జనులలోనికి వచ్చిన చిత్రమది. రెండవ పాఠ మవసరమే లేకపోయెను.

“బాహుబలి: ది ఎపిక్” నిడివి 225 నిమిషములు. అదియు మూడుగంటల ముప్పావే! సుమారు నలుబదియెనిమిది యేండ్ల యెడమున రెండు తెలుగు చిత్రములు ఒకే నిడివికి వచ్చి నిలిచినవి. ఒకటి కోతకు లొంగక నిలిచిన నిడివి; రెండవది కోయగా మిగిలిన నిడివి. రెండు భాగములును కలిసి అయిదుగంటలకు పైబడినవి గనుక, సుమారు మూడవవంతు తీసివేయబడినదని లెక్క. పాశ్చాత్యదేశములందు దర్శకుని రెండవ పాఠమనగా పెంచుట, ఇచ్చట కుదించుట. ఆ కుదించినవాడు వర్తకుడు కాడు, దర్శకుడే. అందుచేత పై సూత్రము ఇచ్చట పనికిరాదు. తీసిన దానిని తీసినట్లుగనే విచారింపవలెను.

బాహుబలి చారిత్రకమా యని ఆక్షేపించు శ్రోత లుండవచ్చును. మాహిష్మతి యను పేరు పురాణములందు నర్మదాతీరపు నగరముగా ప్రసిద్ధము. తెరమీది మాహిష్మతి కల్పన. ఐనను సింహాసనము, దాయాదుల పోరు, బానిసయోధుని విశ్వాసము, ఇవన్నియు చారిత్రకమహాకథల సామగ్రియే గనుక ఈ విచారణకు అది తగినదే.

లాభమును మొదట చెప్పెదను. కట్టప్ప బాహుబలిని ఏల చంపెను అను ప్రశ్నను మొదటి భాగము గాలిలో వదలిపోగా, ప్రత్యుత్తరమునకై జనులు ఇరువదియొక్క నెలలకు పైగా వేచియుండిరి. ఇప్పుడు ప్రశ్నయు ప్రత్యుత్తరమును ఒకే పూటలో దొరకును. అమరేంద్రునకును భల్లాలదేవునకును నడుమ వైరము ఎట్లు ముదిరినదో ఎడము లేక కంటికి కట్టును. కొన్ని పాటలును, యుద్ధఘట్టములలో కొన్ని తునుకలును పోయినవి. వానికై నేను కన్నీరు పెట్టను. వెనుక వరుసలోని పెద్దమనిషి మాట ఇంతవరకు నిజము.

నష్టము అవంతిక. ఆమె కథ చాలవరకు తొలగింపబడి సంగ్రహముగా దాటవేయబడినది. మొదటి పాఠమున శివుడు జలపాతపు కొండనెక్కినది ఒక స్త్రీముఖమును ఊహించుకొని. పైకెక్కిన పిమ్మట, చెఱలోనున్న దేవసేనను విడిపించు పని ఆమెకప్పగింపబడినదని తెలిసికొని, ఆ పనిని తాను నెత్తికెత్తుకొని మాహిష్మతికి పోయెను. అనగా తల్లియని తెలియకయే, ప్రియురాలి ప్రతినను తీర్చుటకు పోయి తల్లిని విడిపించెను. కథలోని సొగసంతయు ఆ తెలియమిలోనే కలదు. అవంతిక తరిగిపోగా శివుడు విధి పిలువగా పోవువాడుగా తోచునేగాని, మాట యిచ్చి పోవువాడుగా తోచడు. జెరూసలేము రాణికి రెండవ పాఠమున కారణము తిరిగి దొరికెను. మన శివునకు రెండవ పాఠమున కారణము పలుచనయ్యెను. మా పిల్ల మాటయు నిజమే. ఆమె పది సంవత్సరములుగా తలచుకొనుచున్నది ఆ కత్తిపట్టిన పడుచునే గాని సింహాసనమును కాదు.

కుదించుట దోషమని నేననను. కుదింపులో తిక్కనకు మించినవాడెవ్వడు? గీతోపదేశమంతటిని ఆయన కొలది పద్యములలో ముగించెను. దానికై తెలుగువారెవ్వరును ఆయనపై అలుగలేదు, ఏలయనగా వ్యాసుని గీత ఎచ్చటికిని పోలేదు. కావలసినవాడు తెఱచి చదువుకొనును. చిత్రముల విషయమున ఈ భరోసా లేదు. డేవిడ్ లీన్ తీసిన “లారెన్స్ ఆఫ్ అరేబియా” 1962లో 222 నిమిషములతో మొదట ప్రదర్శింపబడి, పిమ్మట రెండుమారులు కోతకు లోనై 187 నిమిషములకు దిగెను. 1989లో దానిని పూరింపబోగా బొమ్మ దొరికిన కొన్నిచోట్ల ధ్వని దొరకలేదు. పీటర్ ఓటూల్ మున్నగు నటులు ఇరువదియారేండ్లకు పైబడిన పిమ్మట, ముదిరిన కంఠములతో, తమ పడుచునాటి పెదవుల కదలికకు మాటలు పలుకవలసివచ్చెను. అప్పటికే మరణించిన జాక్ హాకిన్సునకు వేఱొకడు గొంతుక అరువిచ్చెను. అట్లు కూడదీసిన దానిలో లీను మరల కొన్ని తునుకలు తానే తీసివేసెను! దర్శకుని మనస్సు ఒక్కచోట నిలుచునది కాదు. పదేండ్ల పిమ్మట కత్తెర పట్టినవాడు, పేరొక్కటియే యైనను, నాటి మనిషి కాడు.

అసలు దర్శకుడే లేని చోట్ల ఏమి చేయుదుము? పండ్రెండవ శతాబ్దపు వీరులగాథయైన “పల్నాటి యుద్ధము”ను గూడవల్లి రామబ్రహ్మము ఆరంభించి 1946లో కన్నుమూసెను, ఎల్. వి. ప్రసాదు దానిని పూర్తిచేయగా 1947లో వెలువడెను. బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావును, నాగమ్మగా కన్నాంబయు నటించిన ఆ చిత్రములో ఏ అడుగు ఎవరిదని విడదీయుదుము? కె. వి. రెడ్డి 1957లో తీసిన “మాయాబజారు”నకు 2010లో రంగులద్దిరి. ఆయన మరణించి అప్పటికి ముప్పదియేడేండ్లు. రంగులతో వచ్చిన పాఠము మూలమునకంటె పొట్టిది. దానినే అసలనుకొను పిల్లలు మా వీథిలోనే ఉన్నారు. ఆ పిల్లల తప్పులేదు. పై అట్టమీద అట్లు వ్రాసి చెప్పినవాడు లేడు.

గ్రంథము ముద్రించునప్పుడు ఇది ఎన్నవ కూర్పు, ఏది చేర్చితిమి, ఏది తీసితిమి యని పీఠికలో చెప్పుట మనకలవాటు. చిత్రమునకును అట్టి పీఠిక యొకటి, తెరమీద నాలుగు పంక్తులు చాలును, ఉండవలెనని నా కోరిక. ఇంటిలో తెరమీద చిత్రములు చూచు ఈ దినములలో ఒక పాఠమును తీసి వేఱొక పాఠము నుంచుటకు ఒక రాత్రి చాలును. తెల్లవారి చూచువానికి మార్పు జరిగినదనియే తెలియదు.

ఆ రాత్రి చిత్రశాలనుండి ఇల్లు చేరునప్పటికి ప్రొద్దుపోయెను. నాకు కన్నులు మూతపడుచుండెను. మా మనుమరాలు మాత్రము టెలివిజను ముందు కూర్చుండి 2015 నాటి మొదటి భాగమును వెదకి పట్టుకొని, జలపాతము వచ్చువరకు ముందునకు జరిపి, “ఇక్కడినుంచి చూడు తాతయ్యా” అని నాకు పీట వేసినది.