మూసారాంబాగ్‌ దొర, వనస్థలి జింక, ఒక్క గుండు

హైదరాబాద్‌లోని మూసారాంబాగ్‌ మెట్రో స్టేషన్‌ పేరులో ఒక ఫ్రెంచి తుపాకుల దొర దాగి ఉన్నాడు. ఆయనే మిషెల్‌ రేమాన్‌. 1755లో ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో పుట్టి, ఇరవై ఏళ్ల వయసులో పుదుచ్చేరిలో ఓడ దిగాడు. 1786లో నిజాం అలీఖాన్‌ కొలువులో చేరాడు. ముసల్మానులు మూసా రహీం అన్నారు, హిందువులు మూసారాం అన్నారు. దొరగారు రెండింటికీ పలికారట.

ఆబిడ్స్‌ దగ్గర గన్‌ఫౌండ్రీ, పాతబస్తీ నోట తోప్‌ కా సాంచా, ఆయన హయాంలో కట్టిందే. ఫిరంగులు, గుండ్లు అక్కడ పోతపోసేవారు. 1798 మార్చిలో రేమాన్‌ కన్నుమూశాడు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు ఆయన పటాలాన్ని నిరాయుధం చేశారు. దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలో, ఆస్మాన్‌గఢ్‌ గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. రాతి స్తంభం మీద ఆయన పేరులోని పొడి అక్షరాలు చెక్కి ఉంటాయి.

ఆ కాలపు సిపాయి తూటా అంటే ఓ కాగితపు గొట్టం. అందులో కొలిచి పోసిన మందు, ఒక సీసపు గుండు. సిపాయి దాన్ని పంటితో కొరికి, మందు తుపాకీ గొట్టంలో పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించేవాడు. నాలుగు సార్లు పేల్చేసరికి లోపల మసి పేరుకుంటుంది. అందుకే గుండును గొట్టం కన్నా కాస్త సన్నగా పోసేవారు. ఫలితం, అది లోపల అటూ ఇటూ తగులుతూ బయటపడేది. వంద గజాలు దాటితే గురి దైవాధీనం. వరసగా నిలబడి ఒక్కసారే పేల్చే పటాలానికి అదేమంత లోటు కాదు. వేటగాడికి మాత్రం అది ప్రాణసంకటం. మొదటి గుండు తప్పితే జింక రెండో గుండుకు ఆగదు.

ఆ జింకలు ఎక్కడో లేవు. ఇవాళ ఎల్‌.బి.నగర్‌ దాటి విజయవాడ రోడ్డు మీద వెళితే కుడి ఎడమల కాలనీలే. ఒకప్పుడు అదంతా తుప్పల బీడు, కృష్ణజింకల మేత. నిజాం నవాబుల వేటమైదానం. పాయగా వంశపు అమీరు సర్‌ ఆస్మాన్‌ జా కూడా 1885 ప్రాంతంలో తన ఆస్మాన్‌గఢ్‌ మహలును వేట విడిదిగానే కట్టించాడు. రేమాన్‌ సమాధి ఆ పక్కనే.

సరిగ్గా తగలాలంటే వేటగాడు కష్టపడాల్సింది మందు దగ్గరే. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందు చెమ్మ తగిలితే చల్లబడుతుంది, పొడి నలిగితే ఒక్కో పేల్పు ఒక్కోలా ఉంటుంది. అనుభవమున్నవాళ్లు మందు గింజను జల్లించి ఒకే తీరుగా ఉంచుకునేవారు. ప్రతిసారీ ఒకే కొలతతో పోసేవారు. గొట్టం లోపల మెలికల గాడి ఉన్న తుపాకీలో గుండుకు కొవ్వు రాసిన గుడ్డపీలిక చుట్టి బిగువుగా దింపేవారు. గురి సగం కంటిదైతే సగం ఆ ఓపికది.

తర్వాత ఇత్తడి తూటా వచ్చింది. పేలిన ఖాళీ గొట్టాన్ని మళ్లీ నింపుకోవచ్చు గనక విలాయతీ తుపాకీ పెట్టెలోనే గుండు పోసే మూస, మందు కొలిచే గిన్నె వచ్చేవి. 1889లో పొగలేని కార్డైట్‌ మందు పుట్టాక ఇంకో చిక్కు మొదలైంది. ఇంగ్లండ్‌ చలిలో కొలిచిన మందు మన ఎండల్లో పేలితే లోపలి ఒత్తిడి పెరిగిపోయేది. దాంతో కంపెనీలు వేడి దేశాలకని మందు తగ్గించిన తూటాలు వేరుగా చేశాయి. మే నెల హైదరాబాద్‌ ఎండ బర్మింగ్‌హామ్‌ లెక్కలను సవరించిందన్నమాట. అమెరికాలో ఇంట్లో తూటా నింపుకునేవాళ్ల సరదా మరోదారి పట్టింది. పొలాల్లో బొరియలు తవ్వే ఉడ్‌చక్‌ను దూరం నుంచి కొట్టాలని వాళ్లు చేసిన ప్రయోగాల్లోంచే 1930లో .22 హార్నెట్‌ తూటా బయటికొచ్చింది.

ఇక్కడ ఆ దారి మూసుకుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడం నేరం. 1972 వన్యప్రాణి చట్టం వేటకు కళ్లెం వేసింది. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో పాత వేటమైదానం మహావీర్‌ హరిణ వనస్థలి అయింది. కాలనీల మధ్య కృష్ణజింకలు మిగిలాయంటే ఆ కంచె పుణ్యమే.

రైతుకు మాత్రం తుపాకీతో పని తీరలేదు. మొక్కజొన్న, వేరుశనగ చేలల్లో అడవిపందులు పడితే రాత్రికి రాత్రే మడి ఖాళీ. పంటను పాడుచేసే జంతువును చంపేందుకు అదే 1972 చట్టంలో అనుమతి మార్గం ఉంది. అనుమతికి తిరగలేక కరెంటు తీగ పరిచినవాళ్ల చేలల్లో పందులతో పాటు మనుషులూ పోతున్నారు. లైసెన్సున్న షూటర్‌ను పిలిపించి ఒక్క గుండుతో పని ముగించడం ఎంత నయమో చెప్పనక్కర్లేదు, కాగితం వేళకు చేతికొస్తే.