నగరంలో డప్పు: చోటు, పారితోషికం, హక్కు

ఆషాఢంలో బోనాలు మొదలయ్యాయంటే హైదరాబాద్‌లో డప్పు వినపడని బస్తీ ఉండదు. గణేశ్ నిమజ్జనానికి తీన్మార్, పెళ్లి బరాత్‌కు బ్యాండు, నాయకుడి నామినేషన్‌కు డప్పు దళం, చివరికి శవయాత్రకూ డప్పే. నగరం ఇంతగా వాడుకునే ఈ సంగీతానికి నగరంలో సొంత చోటు ఎక్కడుంది? వాయించిన వాళ్లకు ఏం దక్కుతోంది? స్థానిక కళాకారులకు అండగా నిలవాలనుకునే విద్యార్థి సంఘాలకు, ఉద్యమ మిత్రులకు పనికొస్తాయని ఈ విషయాలను ఒకచోట పెడుతున్నాం.

వాద్యం, కులం

గుండ్రటి చెక్క చట్రానికి తోలు బిగిస్తే డప్పు. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. వాయించే ముందు మంట దగ్గర కాచి తోలును బిగువు చేస్తారు. ఇప్పుడు వస్తున్న ఫైబర్ డప్పులకు కాచే పని లేదు. ఆంధ్ర ప్రాంతంలో పలక అనీ, తప్పెట అనీ కూడా అంటారు.

తోలు పని, డప్పు కొట్టడం, ఊళ్లో చాటింపు వేయడం మాదిగల మీద కులం మోపిన పనులు. మాదిగలను ఆశ్రయించి బతికిన కులాలకూ తమ తమ కళలున్నాయి. చిందు వాళ్లది యక్షగానం, డక్కలి వాళ్లది కిన్నెర. హైదరాబాద్ పాతబస్తీ పెళ్లిళ్లలో వినిపించే మార్ఫా, నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీలతో ముడిపడింది. ‘నగర సంగీతం’ అనగానే మనకు గాన సభలు, ఆడిటోరియంలే గుర్తొస్తున్నాయంటే, అలా గుర్తు రావడంలోనే కులం ఉంది.

వదిలేయాలా, చేపట్టాలా?

ఇది దళిత ఉద్యమంలో పాత చర్చ. 1927లో మహద్ సభలో అంబేడ్కర్, చచ్చిన పశువులను మోసే పనులను మానేయమని తన జనానికి చెప్పారు. వంశపారంపర్య వెట్టి నుంచి మహర్లను విడిపించడానికి 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. ఆ దారిలో ఆలోచించేవాళ్లు, సావు డప్పు కొట్టడం మానేయడమే ఆత్మగౌరవం అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది.

రెండో దారీ ఉంది. 1994లో పుట్టిన మాదిగ దండోరా ఉద్యమం డప్పునే తన గుర్తుగా చేసుకుంది. దండోరా అన్న పేరే ఊరి చాటింపు నుంచి వచ్చింది. ఒకప్పుడు దొర మాటను చాటిన డప్పు ఇక్కడ తమ డిమాండ్‌ను చాటింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలు డప్పు లేకుండా నడవలేదు.

మాకు అర్థమైనంతలో రెండు వాదనలూ ఒకే ప్రశ్న దగ్గరికి వస్తాయి. ఎప్పుడు వాయించాలో, ఎంతకు వాయించాలో నిర్ణయించేది ఎవరు? వాయించే హక్కు ఎంత ముఖ్యమో, వాయించనని చెప్పే హక్కూ అంతే ముఖ్యం. ‘కళను కాపాడుదాం’ అంటూ మాదిగ పిల్లలే డప్పు నేర్చుకోవాలని ఆశిస్తే, అది కులవృత్తిని కాపాడటమే అవుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షన్ 3(1)(హెచ్) ప్రకారం దళితుల చేత వెట్టి చేయించడం నేరం. చావుకో జాతరకో ఊరి ఆచారం పేరుతో డబ్బివ్వకుండా, బెదిరించి డప్పు కొట్టిస్తే ఈ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చు. కొట్టనన్నందుకు సాంఘిక బహిష్కరణ చేస్తే సెక్షన్ 3(1)(జెడ్‌సి) ఉంది.

పాటల విషయంలో కాపీరైట్ చట్టం చూడాలి. 2012 సవరణల తర్వాత, సినిమాకు రాసిన పాటను సినిమా హాలు బయట వాడుకుంటే వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయిత, సంగీతకర్త వదులుకోవడానికి వీల్లేదు. తరతరాల నుంచి వస్తున్న జానపద పాటకు ఒక్క రచయిత అంటూ ఉండడు. అందుకే దాన్ని ఎవరైనా తీసుకుపోతున్నారు. కానీ ఆ పాటను పాడిన, ఆ దరువును వాయించిన మనిషికి ప్రదర్శకుల హక్కు ఉంది. అది 50 ఏళ్లు ఉంటుంది. అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు. ప్రదర్శకుడిగా పేరు వేయమని అడిగే హక్కూ ఉంది.

సన్మానం తర్వాత

నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన 12 మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు ఏడాదే ఆయన గొంతు సినిమా పాటతో ఊరూరా వినపడింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కట్టడం పనికి కూలీగా వెళ్తున్న వార్త వచ్చింది. నెలనెలా అందే ప్రభుత్వ సాయం ఆగిపోయిందని ఆయనే చెప్పారు. శాలువా కప్పితే ఒక పూట గడుస్తుంది. ఇల్లు గడవాలంటే క్రమంగా పని దొరకాలి, చేసిన పనికి డబ్బు రావాలి.

ప్రభుత్వాలు కొంత చేయకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలైంది. తెలంగాణ ప్రభుత్వం సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చింది. అయితే పింఛను వయసు మళ్లాక వచ్చేది, సారథిలో వాయించేది ప్రభుత్వ పథకాల ప్రచారానికి. ఈ రెంటికీ మధ్య, ఇరవై ఐదేళ్ల కళాకారుడు తన పాట తాను పాడుకుని బతికే వీలు నగరంలో ఉండాలి.

చెన్నై నుంచి ఏం నేర్చుకోవచ్చు?

దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా పూనికతో ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ 2018 జనవరిలో చెన్నై కిల్పాక్‌లో తొలి కచేరీ చేసింది. ఉత్తర చెన్నై బస్తీల గానా పాట, పరై, రాక్, ర్యాప్ ఒకే వేదికెక్కాయి. ‘కులం లేని తమిళులు’ అన్న అయోతి దాసర్ మాట నుంచి ఆ పేరు తీసుకున్నారు. నగరమంతా డిసెంబరు కర్ణాటక సంగీత సభలతో నిండే మార్గళి మాసంలోనే, 2020 నుంచి ‘మార్గళియిల్ మక్కలిసై’ పేరుతో జనం సంగీతానికి ఉత్సవం మొదలుపెట్టారు. వాళ్లు సభల తలుపు తట్టలేదు, సొంత వేదిక కట్టుకున్నారు.

అక్కడి హెచ్చరికా వినాలి. ఆ బృందంలోని అరివు రాసి పాడిన ‘ఎంజాయ్ ఎంజామి’ 2021లో దేశం దాటి వెళ్లింది. ఆ పాట మీద తమకెవరికీ ఆదాయం అందలేదని 2024లో సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ బహిరంగంగా చెప్పారు. ఎన్ని కోట్ల మంది విన్నా, ఒప్పందం సరిగా లేకపోతే చేతికి రూపాయి రాదు.

మనం చేయగలిగినవి

పారితోషికం: ఎంత ఇస్తారో, ఎంతమందికో, ఎన్ని గంటలకో ముందే కాగితం మీద రాయాలి. దారి ఖర్చు, భోజనం వేరుగా లెక్కగట్టాలి. ‘ఉద్యమం మనది కదా అన్నా’ అని ఉచితంగా పిలిచే అలవాటు మన సంఘాల్లోనూ ఉంది. సౌండ్ సిస్టం అతనికీ టెంటు అతనికీ డబ్బిచ్చి, డప్పు దళానికి దండం పెట్టి పంపడం న్యాయం కాదు.

చోటు: మన సభల్లో కూడా డప్పు గేటు దగ్గర అతిథుల స్వాగతానికే పరిమితమవుతోంది. వేదిక మీద అరగంట ఇవ్వాలి, మైకు పెట్టాలి, కరపత్రంలో కళాకారుల పేర్లు వేయాలి. రవీంద్రభారతి అద్దె భరించలేకపోతే సుందరయ్య విజ్ఞాన కేంద్రం, లామకాన్ లాంటి చోట్లున్నాయి. సాధనకు అంబేడ్కర్ భవనాలను, కమ్యూనిటీ హాళ్లను అడగవచ్చు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా వాద్యాలు మోగించకూడదని శబ్ద కాలుష్య నియమాలున్నాయి కాబట్టి వేళలు ముందే చూసుకోవాలి.

రికార్డింగు: పరిశోధకులుగా ఇది మాకూ వర్తిస్తుంది. అనుమతి తీసుకోవాలి, పేరు, ఊరు రాయాలి, ఒక ప్రతిని కళాకారుడికే ఇవ్వాలి. డబ్బొస్తే వాటా ఇవ్వాలి.

నేర్పడం: విశ్వవిద్యాలయాల్లో డప్పు నేర్పించాలంటే, డిగ్రీ లేదన్న సాకుతో డప్పు తెలిసినవాళ్లను బయట నిలబెట్టకూడదు. నేర్చుకునే వాళ్లు అన్ని కులాల నుంచీ రావాలి. ఆడపిల్లలు రావాలి.

డప్పు కొట్టే మనిషి కూతురు డాక్టరైనా, డప్పు కళాకారిణి అయినా, అది ఆమె ఎంచుకున్నదై ఉండాలి. రెండో దారి ఎంచుకుంటే ఆమెకు ఈ నగరంలో అన్నం, అద్దె, గౌరవం దొరకాలి. మన తర్వాతి సభకు డప్పు దళాన్ని పిలిచేటప్పుడు, ముందు ఎంతిస్తామో మాట్లాడుకుని పిలుద్దాం.