నల్లరేగడి మీద ఇల్లు: పోరుమామిళ్ళ శాసనం నుంచి నేటి ప్రమాణాల దాకా

ఎండాకాలంలో జమ్మలమడుగు చేలల్లో నడిచినవారికి నేల నెర్రెల సంగతి చెప్పనక్కరలేదు. చేతికర్ర దింపితే లోపలికి దిగిపోతుంది. నాలుగు వానలు పడితే అవే నెర్రెలు పూడుకొని, బురద చెప్పును పట్టుకొని వదలదు. జొన్నకూ పత్తికీ శనగకూ తల్లిలాంటి ఈ రేగడి, ఇంటి గోడకు మాత్రం మంచి చుట్టం కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల్లో రేగడి విస్తారం. పులివెందుల వైపు పోతే ఒకచోట రేగడి, ఇంకొకచోట ఎర్రనేల, గుట్టల పక్కన రాతినేల. పదవీ విరమణ సొమ్ముతో ఇల్లు కట్టుకొనే మన సభ్యులకూ వారి పిల్లలకూ ఉపయోగపడుతుందని, ఈ నేల మీద కట్టడానికి నియమాలు ఎట్లా ఏర్పడినాయో నాలుగు మాటలు రాస్తున్నాను.

నేల చూసి కట్టాలన్న నియమం తెల్లదొరలు తెచ్చింది కాదు. మన జిల్లాలోనే పోరుమామిళ్ళ చెరువు దగ్గర క్రీ.శ. 1369 నాటి శాసనం ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించినాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేండ్ల పని. శాసనంలో మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు వరుసగా చెప్పినారు. గట్టి బంకనేల, జలశాస్త్రం తెలిసినవాడు, నేర్పరులైన పనివాళ్ళు అంగాల్లో ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడునేల దోషాల్లో ఉన్నాయి. రాతి మీద చెక్కిన ఈ పట్టికను ప్రమాణం అనక ఇంకేమంటాం?

ఇండ్ల విషయంలో మనవాళ్ళు రాసిపెట్టలేదు గాని, చేసి చూపినారు. రాళ్ళూ మట్టీ కలిపి కట్టిన మందపాటి గోడలు, కొయ్య దూలాలు, పైన మట్టిమిద్దె. అటువంటి గోడ కింద నేల కొంచెం కదిలినా సర్దుకుంటుంది. చిన్న బీటను ఇంటి ఆడవాళ్ళే మట్టితో మెత్తి అలికేవారు. సిమెంటు వచ్చినాక గోడ పలుచనైంది, బిగుసుకుపోయింది. నేల కదిలితే సర్దుకోదు, పగులుతుంది.

నేల గురించిన శాస్త్రానికి టెర్జాఘీ 1925లో వెలువరించిన గ్రంథంతో గట్టి పునాది పడింది. ఉబ్బే నేల సమస్యను అమెరికా ఇంజనీర్లు 1938లో ఓరెగాన్ రాష్ట్రంలోని ఓవైహీ సాగునీటి పథకం దగ్గర గుర్తించినారు. రేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. నెర్రెలకు మూలం అదే.

మన దేశంలో 1947లో భారత ప్రమాణాల సంస్థ ఏర్పడింది. 1987లో అదే భారతీయ ప్రమాణాల బ్యూరో అయింది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలలకు అండర్ రీమ్డ్ పైల్ పద్ధతిని అభివృద్ధి చేసింది. గుండ్రంగా బొక్క తోడి, అడుగున ఎర్రగడ్డ లాగా ఉబ్బుగా పెద్దది చేసి, ఇనుము దించి కాంక్రీటు పోస్తారు. ఆ ఉబ్బు సాధారణంగా కాడ వ్యాసానికి రెండున్నర రెట్లు. ఐ.ఎస్. 2911 మూడో భాగం 1973లో వచ్చింది. లోతైన రేగడిలో పైలు కనీసం మూడున్నర మీటర్లు దిగాలని 1980 సవరణలో ఉంది. ఎండావానలకు తేమ మారేది పై పొరలోనే. దాని కిందికి దిగితే నేల నిలకడగా ఉంటుంది, ఆ ఉబ్బు లంగరు లాగా పట్టుకుంటుంది.

ఇంకొక ప్రమాణం 1977లో వచ్చిన ఐ.ఎస్. 2720 నలభయ్యో భాగం. ఆరబెట్టి జల్లించిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు గొట్టాల్లో వేస్తారు. ఒకదానిలో నీళ్ళు, రెండోదానిలో కిరోసిన్. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. ఒక రోజు ఆగి తేడా చూస్తారు. నీళ్ళలోని మట్టి రెండింతలైతే ఉబ్బు నూరు శాతమన్నమాట. యాభై శాతం లోపుంటే భయం తక్కువ, నూరు దాటితే జాగ్రత్త పడవలసిందే.

ఇదంతా చదివిన నేనే ఒకసారి తప్పు చేసినాను. ఉద్యోగపు తొలి రోజుల్లో ఒక పల్లెలో చిన్న కట్టడానికి పునాది గుంత చూడబోయినాను. కొత్తగా వాన పడి నెర్రెలు కనిపించలేదు. నాలుగడుగులు చాలన్నాను. "సార్, ఇది రేగడ. ఇంకా దిగాల" అన్నాడు బేల్దారి మేస్త్రీ. గడువు దగ్గర పడిందని వినలేదు. రెండో ఎండాకాలానికి కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు తీసినాయి. ఆయన మాటా, నా బల్ల మీది పుస్తకం మాటా ఒకటే. విననిది నేను.

కాబట్టి మిత్రులారా, స్థలం కొన్న వెంటనే ముగ్గు పోయకండి. ముందు లోతుగా ఒక గుంత తీయించి, ఎన్ని అడుగులకు మట్టి మారుతుందో కళ్ళారా చూడండి. మట్టిని ప్రయోగశాలకు పంపండి. పక్కింటి పునాదిని చూసి మన పునాది నిర్ణయించవద్దు, ముఖ్యంగా పులివెందుల వైపు, అక్కడ కొద్ది దూరంలోనే నేల మారవచ్చు. మిద్దె మీది వాననీరు గోడ మొదట్లో పడకుండా దూరంగా పంపండి. ఇంటి చుట్టూ వాలుగా మన కడప బండలు పరిపించండి. పెద్ద చెట్లు గోడకు దూరంగా నాటండి.

ముప్పై ఏండ్ల జీతం మిగుల్చుకొని కట్టుకొనే ఇల్లు ఒక్కటే ఉంటుంది. పోరుమామిళ్ళ శాసనం నేలనూ లెక్కలోకి తీసుకొంది, పనివాడినీ లెక్కలోకి తీసుకొంది. మనం కూడా ఆ ఇద్దరినీ అడిగి మొదలుపెడితే మంచిది.