డయల్ గేజ్ ముల్లు

బాలానగర్ పారిశ్రామికవాడలో ఒక చిన్న షెడ్డు. పక్కన గ్రైండర్ మోత, ఇక్కడ కటింగ్ ఆయిల్ వాసన. మీ ముందు రెండు సీఎన్‌సీ రూటర్లున్నాయి. "ఇది తీస్కోండి సార్, 2.2 కిలోవాట్ల స్పిండిల్, 24,000 ఆర్‌పీఎం" అంటున్నాడు అమ్మే కుర్రాడు.

వాట్ల సంగతి తర్వాత. సంచిలోంచి డయల్ గేజ్ తీయండి. బెడ్‌కి బిగించిన ఇనప్పలక మీద అయస్కాంతం స్టాండు నిలబెట్టి, గేజ్ మొనను స్పిండిల్‌కి ఆనించి, స్పిండిల్‌ని అరచేత్తో పక్కకి గట్టిగా నెట్టండి. ముల్లు పదిహేను గీతలు దాటింది. గీతకి 0.01 మిల్లీమీటరు. చేతికే ఇంత ఒంగేది లోహంలో దిగాక నిలుస్తుందా?

పక్కదాన్ని నెట్టండి. స్పిండిల్ 800 వాట్లే. కానీ గ్యాంట్రీ పలకలు మందంగా ఉన్నాయి, గుండ్రటి కడ్డీల బదులు లీనియర్ రైళ్లు, లీడ్ స్క్రూల చోట బాల్ స్క్రూలు. ముల్లు నాలుగో గీత దగ్గరే ఆగింది. మీ డబ్బు ఈ బిగువు మీద పెట్టండి. స్పిండిల్ రేపైనా మార్చుకోవచ్చు, చట్రాన్ని మార్చలేం.

కోసి చూపించమనండి. 6061 అల్యూమినియం పలకను క్లాంపులతో బిగించారు. 608 బేరింగ్ కూర్చోవాలి, అంటే 22 మిల్లీమీటర్ల రంధ్రం. కొలెట్‌లో 6 మిల్లీమీటర్ల సింగిల్ ఫ్లూట్ కార్బైడ్ ఎండ్ మిల్. కింద కాగితం జరుపుతూ జెడ్‌ని దించండి; కాగితం పట్టేసిన చోట దాని మందం లెక్కేసుకుని సున్నా పెట్టండి. కళ్లద్దాలు పెట్టుకున్నారుగా?

12,000 ఆర్‌పీఎం, ఫీడు నిమిషానికి 200 మిల్లీమీటర్లు. కీచుమంటోంది. భయపడి ఫీడు ఇంకా తగ్గించబోతారు. వద్దు! కట్టర్ కోయడం లేదు, రాస్తోంది. ఆ వేడికే అల్యూమినియం మెత్తబడి ఫ్లూట్‌కి అంటుకుంటుంది. చుట్టుకి 0.04 మిల్లీమీటరు తీయాలంటే ఫీడు 480 ఉండాలి. పెంచండి. లోతు మాత్రం పాసుకి అర మిల్లీమీటరు దాటనివ్వకండి. కీచు పోయింది, గుర్రుమనే ఒకే మోత. పొడికి బదులు మెరిసే చిప్స్ ఎగురుతున్నాయి.

రంధ్రాన్ని వెర్నియర్‌తో అడ్డంగా, నిలువుగా కొలవండి. 21.92, 21.94. బేరింగ్ దిగదు. ప్రోగ్రాం మార్చకుండా చివరి పాసునే మళ్లీ తిప్పండి. ఇందాక కట్టర్ ఒంగి వదిలేసిన పొర ఇప్పుడు లేస్తుంది. బేరింగ్ బొటనవేలితో నొక్కితే బిగువుగా కూర్చుంది.

"మైల్డ్ స్టీలు కూడా కోస్తది సార్" అంటాడు కుర్రాడు. ఆ మాట నమ్మి కొనకండి. ఈ కట్టర్‌కి స్టీలులో సుమారు 4,000 ఆర్‌పీఎం చాలు. అంత నెమ్మదిగా తిరిగితే ఈ స్పిండిల్‌కి బలం ఉండదు. స్టీలు పనులు మిల్లింగ్ మిషనున్న షెడ్డుకి పంపి, దీన్ని అల్యూమినియానికీ ఇత్తడికీ ఉంచుకుంటానంటేనే అడ్వాన్సు ఇవ్వండి.