‘చైతన్య స్రవంతి’: డిగ్రీ పాఠ్యపుస్తకం నుంచి నవలా విమర్శ దాకా

తెలుగు నవలా విమర్శలో ‘చైతన్య స్రవంతి’ అనే మాట స్థిరపడి అర్ధశతాబ్ది దాటింది. ‘అల్పజీవి’ని, ‘అంపశయ్య’ను ఆ మాట లేకుండా బోధించే తెలుగు శాఖ బహుశా ఉండదు. దాని మూలం విలియం జేమ్స్ అని ఒక వాక్యంలో చెప్పి, వెంటనే జేమ్స్ జాయిస్ దగ్గరికి వెళ్లిపోవడం మన వ్యాసాల్లో పరిపాటి. విలియం జేమ్స్ ఈ భావనను ఎవరి కోసం, ఏ సందర్భంలో రూపొందించారన్న ప్రశ్నను మాత్రం మన విమర్శ అంతగా పట్టించుకోలేదు. ఆయన రాసింది సాహిత్య గ్రంథం కాదు. మనస్తత్వ శాస్త్రాన్ని కళాశాలలో చదివే విద్యార్థుల కోసం రాసిన పాఠం అది. ఈ పదం చరిత్రను తరగతి గది వైపు నుంచి పరిశీలిస్తే మన విమర్శ పరిభాషలోని కొన్ని చిక్కులకు కారణం తెలుస్తుంది.

వైద్యవిద్య చదివిన జేమ్స్ 1870లలో హార్వర్డ్‌లో మొదట శరీరశాస్త్రం, తర్వాత మనస్తత్వ శాస్త్రం బోధించారు. ఆనాటికి అది స్వతంత్ర విషయం కాదు. ఒక పక్క తత్వశాస్త్రం, మరో పక్క శరీరశాస్త్రం దాన్ని పంచుకున్నాయి. ప్రచురణకర్త హెన్రీ హోల్ట్‌తో 1878లో ఒప్పందం కుదుర్చుకున్న పాఠ్యగ్రంథం పూర్తి కావడానికి పన్నెండేళ్లు పట్టింది. ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ’ 1890లో రెండు సంపుటాలుగా, దాదాపు పద్నాలుగు వందల పుటలతో వెలువడింది. అంత గ్రంథాన్ని డిగ్రీ తరగతిలో పాఠ్యంగా పెట్టడం కష్టం. అందువల్ల 1892లో జేమ్స్ దాన్ని ఒకే సంపుటానికి కుదించారు. విద్యార్థులు పెద్ద గ్రంథాన్ని ‘జేమ్స్’ అనీ, చిన్నదాన్ని ‘జిమ్మీ’ అనీ పిలుచుకునేవారు.

మన పదానికి సంబంధించిన ముఖ్యమైన మార్పు ఈ కుదింపులోనే జరిగింది. 1890 నాటి గ్రంథంలో ఆ అధ్యాయం పేరు ‘ఆలోచనా ప్రవాహం’ అనే అర్థమిచ్చేది. జేమ్స్ ఆ అధ్యాయం లోపల ఆలోచన, చైతన్యం, ఆంతరంగిక జీవితం అనే మూడింటినీ ప్రవాహానికి పేర్లుగా ప్రత్యామ్నాయంగా సూచించారు. 1892 నాటి విద్యార్థి ప్రతిలో వాటిలోని రెండోది అధ్యాయానికి శీర్షిక అయింది. ఆ పదబంధాన్ని బ్రిటన్‌లో అలెగ్జాండర్ బెయిన్ అంతకు ముందే వాడినా, దానికి ప్రచారం తెచ్చింది జేమ్స్ పాఠమే. దాన్ని నవలకు అన్వయించిన తొలి విమర్శకురాలిగా మే సింక్లెయిర్‌ను చెబుతారు. 1918లో డొరతీ రిచర్డ్‌సన్ నవలల గురించి రాస్తూ ఆమె ఈ మాట ప్రయోగించారు. ఆంగ్ల సాహిత్య విమర్శ ద్వారానే అది తెలుగుకు చేరింది. అంటే మనస్తత్వ శాస్త్రం తరగతి నుంచి బయలుదేరిన పదం ఆ తరగతిని తాకకుండా మన దగ్గరికి వచ్చింది.

అదే కాలంలో మన దేశంలో ఈ శాస్త్రం ఎక్కడ ఉన్నదో చూడాలి. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో ప్రయోగాత్మక మనస్తత్వ శాస్త్ర శాఖ ఏర్పడింది. దాని బాధ్యత వహించిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ దగ్గర చదివారు. మున్‌స్టర్‌బర్గ్‌ను జర్మనీ నుంచి హార్వర్డ్ ప్రయోగశాలకు రప్పించినవారు జేమ్సే. మైసూరులో 1924లో ఎం.వి. గోపాలస్వామి నాయకత్వంలో శాఖ ఆరంభమైంది. తెలుగు ప్రాంతాలు అధికభాగం మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో ఉండేవి. అక్కడ బి.ఏ. విద్యార్థికి మనస్తత్వ శాస్త్రం తత్వశాస్త్ర పాఠ్యంలో ఒక అంగంగా, తర్కం, నీతిశాస్త్రాల సరసన దొరికేది. ఉపాధ్యాయ శిక్షణ కళాశాల దానికి రెండో ఆశ్రయం. సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు చెప్పగానే ఉపనిషత్తులు గుర్తుకొస్తాయి గానీ, ఆయన తొలినాటి రచనల్లో 1912లో వెలువడిన ‘ఎసెన్షియల్స్ ఆఫ్ సైకాలజీ’ ఒకటి. తత్వశాస్త్ర అధ్యాపకుడు మనస్తత్వ శాస్త్ర పాఠం రాయడం ఆనాడు వింత కాదు. ఆ రెంటికీ మధ్య గోడ ఇంకా లేవలేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో స్థాపితమైంది. అక్కడ మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర శాఖ 1967లో కోనేరు రామకృష్ణారావు చొరవతో ఏర్పడింది. ఆయన కూడా అదే విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి, బోధించినవారే. ఆ తర్వాత అమెరికాలో జె.బి. రైన్‌తో కలిసి పనిచేశారు.

ఈ నేపథ్యంలో రాచకొండ విశ్వనాథశాస్త్రి చదువును గుర్తుచేసుకోవాలి. న్యాయవాది కాకముందు ఆయన తత్వశాస్త్రంలో ఆనర్స్ పట్టభద్రులు. మనస్సును గురించిన శాస్త్రీయ చర్చ తత్వశాస్త్ర విద్యార్థికి అందే తరానికి చెందినవారు. ‘అల్పజీవి’ సుబ్బయ్య భయాన్ని, న్యూనతాభావాన్ని పాశ్చాత్య నవలల అనుకరణగా మాత్రమే వివరించే విమర్శ ఆ చదువును లెక్కలోకి తీసుకోలేదు. పాఠ్యప్రణాళికే నవలను రాయించిందని నా వాదన కాదు. రచయితకు ఉన్న రెండు దారుల్లో ఒకదాన్నే మనం చూశామని మాత్రమే నా అభ్యంతరం. బుచ్చిబాబు విషయం వేరు. ఆయన ఆంగ్ల సాహిత్యం చదివి, బోధించినవారు. ‘చివరకు మిగిలేది’లోని మనోవిశ్లేషణ ఆ దారినే వచ్చిందనడం సమంజసం.

ఇక అసలు చిక్కు అనువాదంలో ఉంది. తత్వశాస్త్రంతో కలిపి మనస్తత్వ శాస్త్రం చదివిన విద్యార్థికి ‘చైతన్య స్రవంతి’ అనే సమాసం కొంత ఇబ్బంది కలిగించవలసినది. అద్వైత పరిభాషలో చైతన్యం నిర్వికారం, సాక్షి. అది ప్రవహించదు. మారేవి, వచ్చి పోయేవి అంతఃకరణ వృత్తులు. యోగసూత్రాలకు వ్యాసభాష్యం నదితో పోల్చింది చిత్తాన్ని. ‘చిత్తనది’ అనే మాటే అక్కడ ఉంది. వసుబంధువు ‘త్రింశిక’లో ప్రవాహంతో పోల్చింది ఆలయవిజ్ఞానాన్ని. జేమ్స్ వర్ణించినది క్షణక్షణం మారే అనుభవాన్ని గనుక, మన శాస్త్రాల ప్రకారం దానికి ‘చిత్తప్రవాహం’ అనో ‘వృత్తిప్రవాహం’ అనో పేరు రావలసింది. పదకర్తలు నిఘంటువులో ఒక ఆంగ్ల పదానికి ఎదురుగా ఉన్న సంస్కృత పదాన్ని తీసుకున్నారు, ఆ పదం వెనుక ఉన్న దర్శనాన్ని పక్కన పెట్టారు. రూఢిని ఇప్పుడు మార్చమనడం వృథా. అయితే ఈ రూఢి వల్ల ఒక నష్టం జరిగింది. జేమ్స్ చెప్పిన లక్షణాల్లో మన విమర్శ ఒకదాన్నే పట్టుకుంది.

ఆ లక్షణాలను జేమ్స్ పెద్ద గ్రంథంలో అయిదుగా, విద్యార్థి ప్రతిలో నాలుగుగా చెప్పారు. ప్రతి ఆలోచనా ఒక వ్యక్తి సొంతం. అది నిరంతరం మారుతుంది. మారుతున్నా తెంపు లేకుండా సాగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అది ఎంచుకుంటుంది. కొన్నిటిని స్వీకరించి తక్కినవాటిని వదిలేస్తుంది. మన వ్యాసాల్లో చైతన్య స్రవంతి అనగానే క్రమరాహిత్యం, పొంతన లేని ఆలోచనల గుంపు అనే నిర్వచనం కనిపిస్తుంది. జేమ్స్ నిలబెట్టినది దాదాపు దీనికి వ్యతిరేకం. మనస్సును విడివిడి ముక్కల గొలుసుగా చూపిన పూర్వుల సిద్ధాంతాన్ని ఖండించడానికే ఆయన ప్రవాహాన్ని తెచ్చారు. ‘అంపశయ్య’లో రవి ఒక్క రోజు ఆలోచనలు ఎటు తిరిగినా లేమి దగ్గరికి, పరీక్షల దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తాయి. నవలకు ఆ ఎంపికే నిర్మాణం. క్రమరాహిత్యం అనే నిర్వచనంతో చదివితే ఆ నిర్మాణం కనిపించదు.

మరో విచిత్రం కాలానికి సంబంధించినది. జాన్ వాట్సన్ 1913లో ప్రవర్తనావాదాన్ని ప్రకటించి, చైతన్యాన్ని ఈ శాస్త్రం నుంచి బహిష్కరించాలన్నారు. తర్వాతి నాలుగైదు దశాబ్దాలు అమెరికన్ పాఠ్యపుస్తకాల మీద ఆ ప్రభావం బలంగా ఉంది. మన కళాశాలల్లో మనస్తత్వ శాస్త్రం తత్వశాస్త్రం నుంచి విడివడి స్వతంత్ర విషయంగా పెరిగినది ఆ మార్పు తర్వాతే. అభ్యసనం, ప్రేరణ, ప్రత్యక్షం, ప్రజ్ఞా పరీక్షలు దాని ప్రధానాధ్యాయాలయ్యాయి. అంచేత 1970లలో ఒకే కళాశాలలో తెలుగు విద్యార్థి మనస్తత్వ శాస్త్రం పేరిట 1892 నాటి భావనను నేర్చుకుంటుంటే, పక్క గదిలోని మనస్తత్వ శాస్త్ర విద్యార్థికి అది చరిత్ర పాఠంగా మిగిలింది.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ స్థాయికి తెలుగు పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదకోశాలను సిద్ధం చేసే పని చేపట్టింది. సాహిత్య విమర్శ అప్పటికే తన మాటలను స్థిరపరచుకుంది. అవచేతన, ఉపచేతన, అంతశ్చేతన, అచేతన అనే మాటలు నేటికీ సిద్ధాంత వ్యాసాల్లో ఒకదాని స్థానంలో ఒకటి వస్తుంటాయి. ఫ్రాయిడ్ మాత్రం అచేతనాన్ని, దాని నుంచి ఎప్పుడైనా పైకి రాగల పూర్వచేతనాన్ని స్పష్టంగా వేరుచేశారు. ‘ఉపచేతన’ అని మనం అనువదించే మాటను అస్పష్టమైనదని నిరాకరించారు కూడా. దయానిధి తల్లిని గురించిన ఆలోచనల్లో ఏవి అతనికి తెలిసినవి, ఏవి తెలియనివి అన్న ప్రశ్న ఈ భేదం మీదే ఆధారపడి ఉంది. ఆ భేదం నేడు మనస్తత్వ శాస్త్రం చదివే బి.ఏ. విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే తారసపడుతుంది.