పాత కలము: అసలా, నకలా?



పాత దస్తావేజును పరీక్షించు విధము మీలో పెద్దలకు నేను చెప్పవలసిన పనిలేదు. స్టాంపు కాగితము ఏ సంవత్సరమునాటిది, వ్రాసిన తేది దానికి ముందున్నదా వెనుకనున్నదా, లేఖరి యెవరు, సాక్షులు ఆనాటికి సజీవులేనా అని మీరు వరుసగా చూతురు. సంతకమును మాత్రమే చూచి నమ్మువాడు గ్రామమున పెద్దమనిషి యనిపించుకొనడు. ఏలయన అన్నిటికంటె సులభముగా అనుకరింపదగినది సంతకమే. ఈ పద్ధతినే నేడొక చిన్న వస్తువునకు అన్వయించి చెప్పదలచితిని. ఆ వస్తువు ఫౌంటెన్ పెన్ను.

కలమునకింత విచారణ యేల యని మీరడుగవచ్చును. తాతగారి పెట్టెలో దొరకిన పార్కరు కలమునో, పట్టణమున ఎవరో తక్కువ ధరకు చూపిన మాంట్‌బ్లాంక్ కలమునో చేతబట్టుకొని వచ్చువారు నాకు తరచుగా తటస్థింతురు. క్రొత్తదిగా కొన్నచో పదుల వేల రూపాయలు పలుకు కలములు వీనిలో కలవు. కొనువాడు మోసపోవుట యొక నష్టము. అసలైన కలమును నకలని నమ్మించి, అమ్ముకొనువారి నోట మన్నుగొట్టుట మరియొక నష్టము. ఈ రెండవదానిని గూర్చి మాటాడువారు తక్కువ.

కలములలో పేరును గూర్చిన తగవు చాల పాతది. న్యూయార్కు నగరమున లూయిస్ ఎడ్సన్ వాటర్మన్ అనునాతడు 1884లో ఒక పేటెంటు పొందెను. అంతకుముందును లోపల సిరా నింపుకొను కలములు లేకపోలేదు. కాని అవి ఒక వేళ వ్రాయక మొరాయించుచు, ఒక వేళ కాగితముపై సిరా కుమ్మరించుచు నుండెడివి. వాటర్మన్ పాళీ క్రిందనుండు నాలుక వంటి భాగమున సన్నని గాడులు తీసి, సిరా దిగుచుండగా దాని చోటికి గాలి పోవునట్లు చేసెను. భీమా ఒప్పందముపై సిరా ఒలికి బేరము చెడినందున ఆతడీ కలమును కల్పించెనని ఒక కథ కలదు. కథ చక్కనిదే గాని, పరిశోధకులు ఎంత వెదకినను దానికి ఆధారము దొరకలేదు. పాత కలముతోబాటు అమ్మువాడు చెప్పు కథను కూడ కొనరాదనుటకు ఇదియొక నిదర్శనము.

వాటర్మన్ కలమునకు పేరు రాగానే, ఆర్థర్ ఎ. వాటర్మన్ అను మరియొకడు అదే ఇంటిపేరుతో కలములు చేయించి అమ్మసాగెను. ఆతని ఇంటిపేరు నిజముగా వాటర్మనే! తన పేరు తన వస్తువుపై వేసికొనవలదని ఎవరనగలరు? అయినను కొనువారు ఒకదానికి మారుగా మరియొకటి కొని మోసపోవుచుండిరి. ఆ కలముల నమ్ము మోడరన్ పెన్ కంపెనీకిని, మొదటి వాటర్మన్ కంపెనీకిని నడచిన వ్యాజ్యము అమెరికా సుప్రీంకోర్టు వరకు పోయెను. 1914లో ఆ కోర్టు తీర్పు చెప్పెను. తీర్పు వ్రాసినవాడు సుప్రసిద్ధ న్యాయమూర్తి హోమ్స్. పేరు వాడుకొనవచ్చును గాని, పొడి అక్షరములతో గాక ఆర్థర్ అని పూర్తిగా వ్రాయవలెననియు, ప్రక్కనే “ఎల్. ఇ. వాటర్మన్ కంపెనీతో సంబంధము లేదు” అను మాటలు చెక్కవలెననియు నిర్ణయించిరి. కావున పాత కలముపై వాటర్మన్ అని చూడగానే ఉప్పొంగక, భూతద్దముతో మిగిలిన అక్షరములను కూడ చదువవలెను. అది దొంగ వస్తువు కాదు, నూరేండ్లు దాటిన కలమే. కాని అమ్మువాడు చెప్పు కలము కాదు.

పేరు తరువాత చూడవలసినది ద్రవ్యము. మొదటి కాలపు కలములు ఎబొనైట్‌తో, అనగా గంధకము కలిపి కాచి గట్టిపరచిన రబ్బరుతో చేయబడినవి. దానిని బొటనవ్రేలితో గట్టిగా రుద్ది వాసన చూచిన గంధకపు వాసన తగులును. నల్లని ఎబొనైట్ ఎండకును, వేడినీటికిని గోధుమవన్నెకు తిరుగును. నూరేండ్ల ఎబొనైట్ కలము కాకిరెక్కవలె నిగనిగలాడుచున్నచో, అది యే చీకటి పెట్టెలోనో పడియున్నదై యుండవలెను, లేదా ఎవరో దానికి మరల నలుపు పట్టించి యుండవలెను. తరువాత వచ్చినది సెల్యులాయిడ్. దీనిని రుద్దిన కర్పూరపు వాసన వచ్చును. కాల్చిన సూది గ్రుచ్చి పరీక్షింపవచ్చునని కొందరు చెప్పుదురు. అట్లెన్నడును చేయకుడు. సెల్యులాయిడ్ భగ్గున మండు పదార్థము. పరీక్ష ముగియులోపల కలమును, వ్రేళ్ళును కాలును.

ఈ వాసనలవలన కాలనిర్ణయము కూడ చేయవచ్చును. పార్కరు కంపెనీ 1921లో డ్యుయోఫోల్డ్ అను పెద్ద ఎఱ్ఱ కలమును ఏడు డాలర్లకు అమ్మెను. అది మొదట ఎబొనైట్‌తో చేసినది. 1926లో ఆ కంపెనీ ఎబొనైట్ విడిచి క్రొత్త ప్లాస్టిక్‌కు మారెను. 1921 నాటి మొదటి కలమని చెప్పి అమ్మజూపినది కర్పూరపు వాసన కొట్టుచున్నచో, కలము మంచిదే కావచ్చును, చెప్పిన తేది మాత్రము పొసగదు.

ఇచట ఒక చిక్కు కలదు. సెల్యులాయిడ్ కలమున మూత వన్నె ఒకటిగాను, గొట్టము వన్నె మరొకటిగాను కనబడినచో, రెండు కలములను కలిపి కట్టినారని తొందరపడి చెప్పరాదు. లోపలి రబ్బరు తిత్తినుండి వెలువడు గంధకపు ఆవిరిచే గొట్టము మాత్రమే నల్లబడి, మూత తేటగా నిలిచిపోవుట సహజము. ఇట్టి చోట వన్నె భేదమే వయస్సునకు సాక్ష్యము.

ఇక పార్కరు 51. మన దేశమున మధ్యతరగతి గృహములలో వకీళ్ళు, ఉపాధ్యాయులు, కరణములు అపురూపముగా దాచుకొన్న విదేశీ కలములలో నెక్కువగా వినబడు పేరిదే. 1941లో అమెరికాలో బజారునకు వచ్చినది. పాళీ పైకి కనబడక, కొన మాత్రమే తొడుగునుండి తొంగిచూచుచుండును. మూతకు మర లేదు. నెట్టగానే లోపలి స్ప్రింగు పట్టుకొనును. మర త్రిప్పి బిగింపవలసిన మూతతో 51 అని ఎవరైన చూపినచో, విచారణ అక్కడనే ముగించవచ్చును. మొదటి కలములలో గొట్టము చివర చిన్న టోపీ విప్పి, లోపలి మీటను నొక్కి సిరా నింపవలెను. 1948 నుండి ఆ పద్ధతి మారి, లోపల లోహపు కవచములో నున్న తిత్తిని వ్రేలితో నొక్కి నింపు పద్ధతి వచ్చెను. ఆ కాలపు అమెరికా గొట్టములపై సంవత్సరపు చివరి అంకెయు, దాని ప్రక్కన చుక్కలును చెక్కెడివారు. మూడు మాసములకొక చుక్క తగ్గించుచు పోయెడివారు. కావున గొట్టముపై 5 అను అంకెయుండి, అనగా 1945 అయి, లోపల లోహపు కవచమున్నచో, ఈ రెండు సాక్ష్యములు ఒకదానికొకటి పొసగవు.

మూడేండ్ల క్రిందట గోదావరి ప్రాంతపు గ్రామమునుండి ఒక వృద్ధురాలు మనుమని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆమె భర్త బడిపంతులు. ఆయన కలమును మనుమని చదువు ఖర్చులకై అమ్మదలచినది. పట్టణమున ఒక వర్తకుడు దానిని చూచి, “మూతపై ఇంగ్లండు అని యున్నది, గొట్టముపై అమెరికా అని యున్నది. అమ్మా, ఇది నకలు. మీ ముఖము చూచి రెండువందలిత్తును” అనెనట. ఆమెకు డబ్బుకంటె ఆ మాట ఎక్కువ బాధ కలిగించినది. “ఆయన జీవితమంతయు దొంగ కలముతో వ్రాసినారా బాబూ?” అని నన్నడిగినది.

నేను భూతద్దము తీసి చూచితిని. గొట్టముపై అమెరికాలో చేసినదను అక్షరములును, 8 అను అంకెయు అరిగియు చదువవీలుగా నున్నవి. విప్పి చూడగా లోపల లోహపు కవచమును, దానిపై నింపు విధానమును చెక్కిన అక్షరములును ఉన్నవి. 1948కి అవి సరిపోవును. మూత ఇంగ్లండుదే. పార్కరు కంపెనీ యుద్ధానంతరము ఇంగ్లండులో న్యూహేవెన్ అను ఊర ఈ కలములనే చేయించినది. మూతపై అక్షరములు లోతుగా, అంచులు వాడిగా నున్నవి. బాణపు ఆకారపు క్లిప్పు రూపమును సరిగా నున్నది. నకలు మూతలపై అక్షరములు సాధారణముగా నిస్సారముగా, మొద్దుబారినట్లు కనబడును. “అమ్మా, ఇది నకలు కాదు. కాని ఒక కలము కూడ కాదు, రెండు అసలైన కలముల కలయిక” అంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, పంతులుగారు ఒకమారు పడవ దిగుచు మూతను కాలువలో జారవిడిచిరనియు, మద్రాసు పోయినవారిచేత వేఱొక మూత తెప్పించుకొనిరనియు చెప్పినది. నేను చూచినదంతయు ఒక కాగితముపై వ్రాసి యిచ్చితిని. మూత తరువాత మార్చినదని కూడ దాచక వ్రాసితిని. హైదరాబాదున ఒకరు ఆ కాగితము చదివియే, వర్తకుడు చెప్పినదానికి ఎన్నోరెట్లు ఇచ్చి కొనిరి. మూత కూడ తొలినాటిదైనచో ఇంకను ఎక్కువ వచ్చియుండును. అది న్యాయమే.

మాంట్‌బ్లాంక్ సంగతి వేఱు. ఇక్కడ కలయికలకంటె శుద్ధ నకళ్ళే మెండు. హాంబర్గు నగరపు ఈ కంపెనీ 1913 నుండి మూత శిఖరమున తెల్లని చిహ్నము పెట్టుచున్నది. అది నక్షత్రము కాదు, మంచుగప్పిన పర్వతశిఖరము. ఆరు రేకుల మూలలు గుండ్రముగా నుండును. నకలులో అవి తరచుగా మొనదేలి యుండును. పాళీపై 4810 అను అంకెలు మాంట్‌బ్లాంక్ పర్వతపు ఎత్తును మీటర్లలో తెలుపును. అవి 1930 ప్రాంతమునుండి కనబడును. మైస్టర్‌ష్టుక్ అను పేరు 1924లో వచ్చినను, ఆ పేరుగల లావుపాటి 149 కలము 1952లో గాని రాలేదు. ఫలానా జమీందారుగారు 1940లో 149తో వ్రాసిరని చెప్పువాని బేరము విననక్కరలేదు. ఇటీవలి కలముల క్లిప్పు ఉంగరముపై వరుససంఖ్య యుండును. దానినొకటి చూచి నమ్మరాదు; నకలు చేయువాడు సంఖ్యను కూడ చెక్కగలడు. నల్లని కలమును చీకటి గదిలో బలమైన దీపమునకు అడ్డుపెట్టి చూచిన, అసలైన దానిలో సాధారణముగా ముదురెఱ్ఱని కాంతి లీలగా గోచరించును. నాకు ఈ పరీక్ష సంఖ్యకంటె నమ్మదగినదిగా తోచును.

పాళీని గూర్చి ఒక మాట. 14 కారట్ పాళీపై 585 అనియు, 18 కారట్ పాళీపై 750 అనియు చెక్కుదురు. వేయిపాళ్ళలో బంగారమెంతయో ఆ అంకె తెలుపును. అయస్కాంతమును దగ్గరకు తెచ్చినపుడు పాళీ అంటుకొన్నచో అది బంగారము కాదు. అంటుకొననంత మాత్రమున బంగారమని చెప్పరాదు. కొన్ని జాతుల ఉక్కు కూడ అంటుకొనదు. మన కంసాలి గీటురాయి బంగారమును పట్టుకొనుటలో గొప్పదే గాని, పాళీని రాతిపై గీయించి ఆమ్లము వేయించినవాడు, అసలైనదైనను దానిని పాడుచేసికొన్నవాడగును.

మన రాజమహేంద్రవరమున అసలు, నకలు అను మాటలకు ఒకప్పుడు మరొక అర్థముండెను. ముద్రలు చెక్కు పనిలో నిపుణుడైన కోసూరి వెంకటరత్నముగారు 1921లో గాంధీజీని కలిసికొనగా, జనులకు నిత్యము పనికివచ్చు వస్తువును స్వదేశములోనే చేయుమని ఆయన ప్రోత్సహించిరని చెప్పుదురు. రత్నముగారు 1932 ప్రాంతమున కలములు చేయసాగిరి. తొలి కలములలో పాళీ విదేశమునుండి వచ్చినదగుటచే అది పూర్తిగా స్వదేశీ కలము కాదను ఆక్షేపణ కలిగెననియు, అందుచే పాళీని కూడ ఇక్కడనే చేయుటకు ఆయన పూనుకొనెననియు వాడుక. 1934లో వార్ధాలో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘమునకు చెందిన కుమారప్పగారి ద్వారా ఒక కలము గాంధీజీకి చేరెను. 1935 జూలైలో ఆయన రత్నముగారికి లేఖ వ్రాసి, దానిని వాడి చూచితిననియు, బజారులోని విదేశీ కలములకు బదులుగా బాగున్నట్లు తోచుచున్నదనియు తెలిపిరి. చూచితిరా, అక్కడ పరీక్ష పేరునకు కాదు, పాళీ యెక్కడ పుట్టినదనుటకు!

చేతితో చేసిన ఇట్టి ఎబొనైట్ కలములకు సంవత్సరపు అంకెలు, చుక్కలు వెదకి ప్రయోజనము లేదు. తరిణె పట్టినవాని చేయియే ముద్ర. భూతద్దముతో చూచిన గొట్టము లోపల తరిణె ఉలి తిరిగిన సన్నని వలయములు కనబడవచ్చును. అచ్చుపోసిన కలమునకు అవి యుండవు. మర కూడ ఆ గొట్టమునకు ఆ మూతయని ఒక్కొక్కటిగా కోసినదగుటచే, ఒక కలము మూత మరియొక కలమునకు పట్టకపోవుట తరచు. మీ ఇంట పాత రాజమహేంద్రవరపు కలమున్నచో, మూతను మెల్లగా, బలము పెట్టక త్రిప్పి చూడుడు. తడబడక కడదాక పోయి బిగిసినచో, ఆ రెండును ఒకే దినమున ఒకే చేతిలో తయారైనవని చాలవరకు నమ్మవచ్చును.