కంటిశుక్లమునకు శస్త్రచికిత్స: పూర్వవృత్తాంతము



మన పల్లెలలో ముసలివారికి చూపు మందగించినచో "కంటికి పొర వచ్చినది" అందురు. "శుక్లము పట్టినది" అనియు అందురు. ఈ పొర లేపనములకును కాటుకలకును లొంగదనియు, శస్త్రమే దీనికి దిక్కనియు మన దేశపు వైద్యులు మిక్కిలి పూర్వకాలముననే యెఱిఁగిరి. సుశ్రుతసంహితయందు ఉత్తరతంత్రమున పదునేడవ యధ్యాయములో కఫజమైన లింగనాశమను పేర దీనిని చెప్పి, శలాకతో వేధించు విధానమును సవిస్తరముగా వర్ణించిరి.

ఆ విధానము వినదగినది. మిక్కిలి చలియు మిక్కిలి వేడియు లేని కాలము చూడవలెను. రోగికి స్నేహస్వేదములు జరిపి, కూర్చుండఁబెట్టి, తన ముక్కునే చూచుచుండుమని చెప్పవలెను. వైద్యుఁడు నల్లగ్రుడ్డునుండి కణతవైపు తెల్లగ్రుడ్డులో రెండు పాళ్లు విడిచి, సిరలకు తగులకుండ శలాకను దింపవలెను. కుడికంటికి ఎడమచేయి, ఎడమకంటికి కుడిచేయి వాడవలెను. చక్కగా దిగినచో చిన్న శబ్దమగుననియు, నీటిబొట్టు వెలువడుననియు గుఱుతులు చెప్పిరి. శలాక యెనిమిదంగుళముల పొడవు కలది. పట్టు జాఱకుండుటకు నడుమ నూలు చుట్టినది. ఇన్నియు వ్రాసినవాఁడు తన చేతితో చేసినవాఁడో, చేయుచుండఁగా దగ్గఱ నిలిచి చూచినవాఁడో కావలెనని నా యభిప్రాయము.

అయితే ఆ శలాక చేసినపని పొరను తీయుట కాదు. కంటిపాప వెనుక మసూరపప్పు ఆకారమున స్వచ్ఛమైన కటకమొకటి యున్నది. వార్ధక్యమున అది మసకబాఱుటయే శుక్లము. శలాక ఆ మసకబాఱిన కటకమును వెనుకకును క్రిందికిని త్రోసివేయును. వెలుఁగునకు దారి యేర్పడును. మనుష్యుల ఆకారములు కనఁబడును. అంతకుమించిన స్పష్టత దానివలన రాదు. ఇచ్చట నొక ముచ్చట: సుశ్రుతుఁడు కంటి దృష్టిభాగమును మసూరదళముతో పోల్చెను, పాశ్చాత్యులు కటకమునకు పెట్టిన లెన్సు అను పేరును లాటిను భాషలో ఆ పప్పుదే.

వేధనమునకు పిమ్మట చెప్పిన పథ్యమును నేనీ మధ్య స్వయముగా ననుభవించితిని. నాకు కుడికంటికి శస్త్రచికిత్స జరిగి, వారము దినములు ఇల్లు కదలక యుంటిని. దుమ్మును పొగయు లేని యింట వెలికిల పరుండవలెనని సుశ్రుతము. దుమ్ములోనికిని పొయ్యికడకును పోరాదని డాక్టరుగారి కాగితము. త్రేనుపు, దగ్గు, తుమ్ము మానవలెనని సుశ్రుతము. వంగరాదు, బరువెత్తరాదు, గట్టిగా దగ్గరాదని కాగితము. సుశ్రుతుఁడు కంటికి నేయి పూసి గుడ్డకట్టు కట్టుమని చెప్పఁగా, నాకు రాత్రులందు కంటిపై చిల్లుల మూఁత పెట్టిరి. ఆయన పదిదినములు నియమించెను. నాకు వారముతో చాలా నియమములు సడలినవి.

ఆ వారమున మా యింట తిరగమోఁత వేయునపుడెల్ల వంటయింటి తలుపు మూఁతపడెను. ఎండుమిరపకాయ ఘాటు తుమ్ము తెప్పించునని నా ధర్మపత్ని భయము. రెండవనాఁటికే చూపు తేటపడఁగా నేను పుస్తకమందుకొంటిని. "అక్షరములెక్కడికిని పాఱిపోవు లెండి" అని ఆమె దానిని తీసి అటకపై పెట్టినది. మనుమరాలు గంటకొకసారి చుక్కలమందు వేసి, వార్తాపత్రిక చదివి వినిపించెడిది. ముప్పదియైదేండ్లు ఇతరులచేత చదివించిన నేను, చదువు వినుటలోని సుఖమును అప్పుడే యెఱిఁగితిని.

మా నాయనమ్మకు ఈ సుఖము లేదు. నాలుగేండ్లు చీఁకటిలో నుండి, 1974లో మా యూరి బడిలో జరిగిన కంటి శిబిరమున ఆమె శస్త్రచికిత్స చేయించుకొన్నది. తరగతిగదిలో చాప, తలకిరువైపుల ఇసుకసంచులు, తల త్రిప్పరాదు. నేను ప్రక్కన కూర్చుండి విసనకఱ్ఱతో ఈఁగలు తోలుచుంటిని. కటకము తీసివేసినవారికి దాని స్థానమున సీసా అడుగువంటి దళసరి కళ్లద్దములే గతి. కట్టు విప్పి అద్దములు పెట్టినపుడు ఆమె నా ముఖమును తడిమి చూచి, "నీకు మీసము వచ్చినదటరా!" అన్నది. ఆమె నన్ను కడపట చూచినపుడు నాకు పదునొకండేండ్లు.

ఇఁక చరిత్రకు వత్తము. శలాకవిద్య శాస్త్రజ్ఞుల చేతినుండి జాఱి, ఊరూర తిరుగు సూదివైద్యుల పాలైనది. సూది చేసిన యుపకారము నాలుగు దినములు. అపకారము తరువాత బయటపడును. వాపు, చీము, గ్రుడ్డు మెత్తఁబడుట కలుగునప్పటికి ఆ వైద్యుఁడు పొలిమేర దాఁటిపోయెడివాఁడు. నేర్పులేని వైద్యునివలన కలుగు దోషములను సుశ్రుతుఁడే యేకరువు పెట్టెను. మదరాసు కంటియాసుపత్రిలో పనిచేసిన ఇలియట్‌దొర ఇట్లు చెడిన కన్నులను పరీక్షించి, 1917లో లండనులో దీనిపై ఉపన్యసించెను. ప్రాచీనమని దేనినైనను నెత్తిని పెట్టుకొనువారు ఆయన వ్రాఁతలను కూడ చదువవలెను. ఆ మదరాసు ఆసుపత్రి 1819లో స్థాపితమైనది. ఆ కాలముననే తంజావూరి శరభోజి మహారాజు కంటిరోగుల వృత్తాంతములను చిత్రములతో వ్రాయించి భద్రపఱచెను.

కటకమును త్రోయుట మాని, కంటిని కోసి బయటికి తీయు మార్గమును 1747లో ఫ్రాన్సు దేశపు దవియేలు ఆరంభించెను. 1884లో కోలరు అను వియన్నా వైద్యుఁడు కొకెయిను చుక్కలతో కంటిని తిమ్మిరెక్కించుట కనిపెట్టెను. అంతవఱకు రోగిని బలవంతులు పట్టుకొనవలసినదే.

తీసినదానికి బదులు ఏమి పెట్టవలెను? రెండవ ప్రపంచయుద్ధమున విమానముల కిటికీలు పగిలి, పెర్స్పెక్సు ముక్కలు కొందఱు వైమానికుల కన్నులలో చిక్కుకొన్నవి. వానివలన కన్ను వాచకుండుట హెరాల్డు రిడ్లీ చూచెను. ఒకనాఁడు శుక్లము తీయుచుండఁగా ఒక విద్యార్థి, తీసినదాని స్థానమున వేఱొకటి పెట్టరా అని యడిగెనట. బాలుని ప్రశ్నను విసరివేయని గురువులు అరుదు. 1949 నవంబరు 29వ తేదీన లండను సెంటు థామసు ఆసుపత్రిలో ఆయన మొదటి కృత్రిమకటకమును కంటిలో నిలిపెను. సాటివైద్యులు చాలకాలము నిందించిరి. తుదకు ముదిమిలో తానును అట్టి కటకములనే పెట్టించుకొని, 2000లో సర్ బిరుదమందెను. అమెరికాలో కెల్మను 1967లో సూక్ష్మధ్వనిచేత కటకమును కరఁగించి పీల్చు పద్ధతి తెచ్చుటతో, గాటు మూఁడు మిల్లీమీటర్లకు దిగినది, కుట్టు అక్కఱలేకపోయినది. ఇసుకసంచులు పోయినవి. మదురలో వెంకటస్వామిగారు 1976లో పదునొకండు మంచములతో అరవిందు ఆసుపత్రి నెలకొల్పిరి. 1992 నుండి ఆ సంస్థవారే కటకములను స్వల్పవ్యయముతో చేయుటచే ఇవి పేదలకును అందినవి.

మన పెద్దలు "శుక్లము ముదరనిండు, పండిన తరువాత తీయింతము" అందురు. పూర్వమది సరియైన మాటయే. కటకము పండి గట్టిపడినఁగాని ఆనాఁటి పరికరములకు చక్కగా వెడలి వచ్చెడిది కాదు. ధ్వనియంత్రమునకు వ్యవహారము తలక్రిందు. రాయివలె గట్టిపడినదే కష్టము. మిక్కిలి ముదిరినచో కంటిలో పీడనము పెరిగి నరము చెడుటయుఁ గలదు. చెడిన నరమును ఏ శస్త్రమును తిరిగి తేలేదు. నిత్యకృత్యములకు చూపు అడ్డుపడనారంభించినదే తగిన సమయమని నేఁటి వైద్యుల మాట. మా నాయనమ్మ పండుటకై కాచుకొన్న యేండ్లు నాలుగు.